జవాబుకు ముందు ఎదురు ప్రశ్న వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీలో పాఠకుల సందేహాలకు మీరు నాలుగేసి వాక్యాల్లో జవాబులు వేస్తున్నారు. బస్టాండులో పక్కన కూచున్నవాళ్ళను, ఎరువుల దుకాణం ముందు నిలబడ్డవాళ్ళను జనం అడిగే ప్రశ్నలే అవి. 'మోటరు పోస్తలేదు, ఏం జెయ్యాలె?', 'ఈ నీళ్ళు తాగొచ్చునా?', 'ఎకరానికి ఎన్ని బస్తాలు?' ఆ జవాబులు తప్పని మేము అనడం లేదు. ప్రశ్న సగమే వస్తున్నా జవాబు మాత్రం నిండుగా పోతోంది. ఆ తేడాలోనే మోటర్లు కాలుతున్నాయి.

ముందు మోటరు సంగతి. 'పోస్తలేదు' అన్న ఒక్క మాట వెనక అయిదారు జబ్బులుంటాయి. వాటిలో చాలావాటిని బోరులోంచి మోటరు ఎత్తకుండానే, స్టార్టరు డబ్బా దగ్గర నిలబడి విడదీయవచ్చు. మోటరు దించి నీళ్ళు బాగా పోస్తున్న రోజున ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగిందో డబ్బా తలుపు లోపలివైపు పెయింటుతో రాసిపెట్టుకోవాలి. ఆ అంకె లేని రైతుకు ఫోనులో ఎవరు సలహా చెప్పినా అది గుడ్డి సలహాయే.

ఆంపియర్లు రాసుకున్న దానికంటే బాగా తగ్గి, నీళ్ళు కూడా రాకపోతే పంపు మీద లోడు లేదని అర్థం. నీటి మట్టం పంపు కిందికి పడిపోయి ఉండాలి, లేదా మోటరునూ పంపునూ కలిపే కప్లింగ్ తెగి ఉండాలి. రెండు గంటలు ఆపి మళ్ళీ వెయ్యండి. కాసేపు పోసి ఆగితే బోరులో నీళ్ళు తగ్గినట్టు, చుక్క కూడా రాకపోతే కప్లింగ్ వైపు చూడాలి. ఆంపియర్లు సరిగానే ఉండి పైకి నీళ్ళు సన్నగా వస్తుంటే బోరు పై గొట్టం (కేసింగ్) దగ్గర చెవి పెట్టండి. లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తే పైపుకు చిల్లు పడింది, లేదా జాయింటు వదిలింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజు నుంచో, లైను బాగుచేసిన రోజు నుంచో నీళ్ళు తగ్గాయంటే మోటరు ఉల్టా తిరుగుతోంది. మెయిన్ ఆపి, మోటరుకు పోయే మూడు వైర్లలో ఏవైనా రెండింటిని అటుదిటు మార్చి బిగిస్తే సరిపోతుంది. ఈ చిన్న పనికి మోటరు ఎత్తించి, దించించి కూలీలకు వేలు పోసినవాళ్ళు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

స్టార్టరు వెయ్యగానే ట్రిప్ అవడం (దానంతటదే ఆగిపోవడం) ఒకటి, పది నిమిషాలకు ట్రిప్ అవడం ఇంకొకటి. 'ట్రిప్ అవుతుంది' అని రాసేవారు ఈ తేడా రాయరు, మీ జవాబూ అడగదు. వెయ్యంగనే పడిపోతే కేబులు గానీ మోటరు లోపలి చుట్లు (వైండింగ్) గానీ షార్ట్ అయి ఉండవచ్చు, ఇసుక చేరి పంపు పట్టేసి ఉండవచ్చు, ఒక ఫేజు లేకపోయి ఉండవచ్చు. పది నిమిషాలకు పడిపోతే వోల్టేజీ తక్కువై ఆంపియర్లు పెరుగుతున్నాయేమో చూడాలి, ఆంపియర్లు పెరిగితే మోటరును ఆపే రిలేను మరీ కిందికి పెట్టారేమో కూడా చూసుకోవాలి. ఊళ్ళో మొదట వినిపించే సలహా 'రిలే కొంచెం పెంచు' అనేదే. మోటరు నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు మించి రిలే పెంచితే ట్రిప్ కావడం ఆగుతుంది నిజమే, కాలడం మొదలవుతుంది.

వోల్టు మీటరును కూడా గుడ్డిగా నమ్మవద్దు. చాలా డబ్బాల్లో దాన్ని రెండు ఫేజుల మధ్యే కలుపుతారు. మూడో ఫేజు పోయినా ముల్లు 415 వోల్టుల దగ్గరే నిలబడి ఉంటుంది. 'కరెంటు ఫుల్లుగుంది, మోటరు మాత్రం గుయ్యిమంటున్నది, ఎత్తుకుంటలేదు' అని ఎవరైనా అంటే నూటికి తొంభై సార్లు అనుమానించాల్సింది ఇదే. మూడు ఫేజులకూ మూడు ఇండికేటరు లైట్లు, ఒక ఫేజు పోతే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టించుకోవడం రీవైండింగ్ ఖర్చు ముందు ఏపాటి? కాలిన మోటరును విప్పినప్పుడు కూడా రైతు పక్కనే ఉండి చూడాలి. స్టార్ కనెక్షన్ మోటర్లో రెండు ఫేజుల చుట్లు నల్లబడి మూడోది బాగుందంటే అది సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజు పోయినా మోటరు నడవడం) చేసిన పని. మూడూ ఒకేలా మాడితే ఓవర్‌లోడు. కారణం తెలుసుకోకుండా చుట్టించి దించితే ఆ మోటరు మళ్ళీ షాపుకే వస్తుంది.

దించేటప్పుడు చేసే తప్పులు రెండు. నీళ్ళు నింపుకునే రకం మోటరులో గాలి బుడగలన్నీ పోయి, నీళ్ళు పొర్లేదాకా మంచి నీళ్ళే పొయ్యాలి. మన వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్ళు పనికిరావు. కేబులు జాయింటుకు ముందు రబ్బరు టేపు లాగి చుట్టి, దాని మీద పీవీసీ టేపు వెయ్యాలి. ఒట్టి పీవీసీ టేపు బోరులో నెలలు కూడా ఆగదు.

కెపాసిటర్ గురించి ఒక మాట. అది పెడితే నీళ్ళు ఎక్కువ రావు. లైను మీద లాగే కరెంటు తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఊపిరి ఆడుతుంది, అంతే. 5 హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ వాడతారు. కరెంటు రాగానే మోటరును దానంతటదే ఎత్తే ఆటో స్టార్టర్లు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో పుట్టిన పరికరం అది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక కూడా డబ్బాల్లోంచి పోలేదు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నాలుగు 5 హెచ్‌పీ మోటర్లతోనే దాదాపు నిండిపోతుంది. లైను పోయి రాగానే ఆ నాలుగూ ఒక్కసారే ఎత్తుకుంటే, ఒక్కోటి మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యూజు తెగుతుంది. తెగినచోట అల్యూమినియం తీగ పోగులు మెలేసి కడతారు. ఈసారి ఫ్యూజుకు బదులు ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

ఇక నీళ్ళు. 'మా బోరు నీళ్ళ టీడీఎస్ 400, తాగొచ్చునా?' అన్న ప్రశ్నకు అవునన్నా కాదన్నా తప్పే. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి, అదీ కరెంటు ఎంత పారుతోందో చూసి అంచనా కడుతుంది. అందులో పళ్ళను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్, వేరే దారి లేని చోట 1.5 వరకు. 400లో 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడే అయినా ఆ మీటరు చెప్పలేదు. రంగు, రుచి, వాసన కూడా ఉండవు. మన జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఎక్కువున్న మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు, కానీ టీడీఎస్ మీటరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మేవాళ్ళు అక్కడికి కూడా వస్తున్నారు.

కాచి తాగితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ లైటు, బ్లీచింగ్ పౌడరు, బిందెలో తిప్పే పటిక ముక్క, వీటిలో ఏదీ ఫ్లోరైడ్‌కు మందు కాదు. పటిక ముక్క దగ్గర జనం పొరపడటానికి కారణం ఉంది. నాగపూర్‌లోని 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించి, మన జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన 'నల్లగొండ పద్ధతి'లో వాడేది పటికా సున్నమే. కానీ అక్కడ పటిక మోతాదు రెండు అంకెల మీద ఆధారపడుతుంది: నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత (ఆల్కలినిటీ) ఎంత. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తర్వాత పటిక ద్రావణం పోసి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంట సేపు కదపకుండా ఉంచి పై తేట మాత్రమే తీసుకోవాలి. సున్నం పటికలో దాదాపు ఇరవయ్యో వంతు. మోతాదు తక్కువైతే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, ఎక్కువైతే నీళ్ళలోకి అల్యూమినియం చేరుతుంది. పరీక్ష రిపోర్టు లేకుండా 'పటిక వాడండి' అని అచ్చు వెయ్యవద్దని మనవి.

ఆర్వో ఫ్లోరైడ్‌ను తీస్తుంది, మెంబ్రేన్ బాగున్నంత కాలం. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు కూడా తీస్తుంది, కానీ అది నిండిపోయాక ఏ గుర్తూ చూపించకుండా ఫ్లోరైడ్‌ను అలాగే వదిలేస్తుంది. అందుకే ఫిల్టరు ముందు నీళ్ళే కాదు, ఫిల్టరు దాటి వచ్చిన నీళ్ళను కూడా పరీక్షకు పంపాలి. నమూనా పట్టేటప్పుడు మోటరును కొన్ని నిమిషాలు నడవనిచ్చి, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. క్రిముల పరీక్షకు వేరే సీసా కావాలి, దాన్ని ల్యాబ్ వాళ్ళే శుద్ధి చేసి ఇస్తారు.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టినప్పటి నుంచి ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం గురించి చదువుతూనే ఉన్నాం. నల్లా కృష్ణా నీళ్ళే ఇవ్వవచ్చు, కానీ ఇంట్లో హౌజు ఒక్కటే ఉండి, నల్లా రాని పూట బోరు నీళ్ళు కూడా అందులోకే వదులుతుంటే వచ్చేది కలగాపులగమే. ఇంకో అలవాటు: తాగడానికి క్యాను, అన్నానికి, పప్పుకు, చాయకు బోరు నీళ్ళు. ఎసట్లో పోసిన నీళ్ళ ఫ్లోరైడ్ అన్నంలోనే ఉంటుంది. 'మేం క్యాన్ నీళ్ళే తాగుతం' అన్నవాళ్ళను వంట ఏ నీళ్ళతో అని అడగాలి.

కొలతల సంగతి మీ అచ్చు పనికే సంబంధించింది. మన దగ్గర భూమి పాసుపుస్తకంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర. కోదాడ దాటి అవతల ఆంధ్రప్రదేశ్‌లో సెంట్ల లెక్క. అక్కడి పాఠకుడికి 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, ఎకరంలో అయిదో వంతు మాత్రమే ఎక్కువ. 40 గుంటలకూ ఎకరమే, 100 సెంట్లకూ ఎకరమే, గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. అంకె పక్కన ఒక్క మాట వేస్తే చాలు. యూరియా కూడా అంతే. 'ఎకరానికి రెండు బస్తాలు' అన్న పాత జవాబు 50 కిలోల బస్తాది. 2018 నుంచి బస్తా 45 కిలోలు. రెండు పాత బస్తాల్లో 46 కిలోల నత్రజని ఉండేది, ఇప్పటి రెండింట్లో 41 కిలోల చిల్లర. కిలోల్లో రాయండి. పిచికారీ మందును 'ట్యాంకుకు రెండు మూతలు' అని ఎప్పుడూ రాయవద్దు. మూతలు కంపెనీకొక సైజు, ట్యాంకులు పదహారు లీటర్లవీ ఉన్నాయి, ఇరవైవీ ఉన్నాయి. లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో చెబితే రైతే గుణించుకుంటాడు.

దారి అడిగేవాళ్ళకూ ఎదురు ప్రశ్న అవసరమే. 'సాగర్ బస్సెక్కడ?' అంటే నాగార్జునసాగర్‌లో హిల్ కాలనీకా, పైలాన్ కాలనీకా, డ్యాం అవతల విజయపురి సౌత్‌కా? మూడోది ఆంధ్రప్రదేశ్. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ సరిహద్దు వరకే కాబట్టి అడిగినావిడకు ఆ తేడా టికెట్టు డబ్బుల్లో తెలుస్తుంది. వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగినవాళ్ళు వనపర్తిలో దిగినట్టు కాదు, అది మదనాపురం దగ్గరుంది.

మా కోరిక చిన్నది. ప్రశ్నలు పంపమని అడిగే చోట నాలుగు లైన్లు పెంచండి. మోటరు గురించైతే హెచ్‌పీ, బోరు లోతు, ఎన్ని పైపులు దించారు, నీళ్ళు పోసినప్పుడు ఎన్ని ఆంపియర్లు, ఇప్పుడెన్ని, వెయ్యంగనే ట్రిప్పా కాసేపటికా రాయమనండి. నీళ్ళ గురించైతే ల్యాబ్ రిపోర్టులో ఫ్లోరైడ్, క్షారత అంకెలు, వంట ఏ నీళ్ళతో అన్నది. ఇవి లేకుండా వచ్చిన ఉత్తరానికి ఆ వారం జవాబు బదులు ఎదురు ప్రశ్నే అచ్చు వెయ్యండి.

— ఒక బోరు మోటర్ల మెకానిక్కు, ఒక విశ్రాంత నీటి పరీక్షల ఉద్యోగి
దేవరకొండ, నల్లగొండ జిల్లా