నర్సరీ మొక్కలకు విష హెచ్చరిక చీటీ ఉండాలి

సంపాదకుల వారికి,

తిరుపతిలో ఇళ్ల ముందూ, అపార్టుమెంటు బాల్కనీల్లోనూ పెంచే అలంకరణ మొక్కల్లో పెంపుడు కుక్కలకు, పిల్లులకు ప్రాణాంతకమైనవి ఉన్నాయనీ, అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి ఎవరూ చెప్పడం లేదనీ మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తెస్తున్నాను.

గన్నేరు విషమని మన పెద్దలకు తెలుసు. ఎర్రగన్నేరైనా, శివపూజకు కోసే పచ్చగన్నేరైనా గుండె లయను దెబ్బతీస్తుంది. జిల్లేడు, ఉమ్మెత్త కనబడితే మనమే జాగ్రత్తపడతాం. కొత్తగా వచ్చిన మొక్కల విషయంలో ఆ ఎరుక లేదు. చిన్న ఈతచెట్టులా కనిపించే సైకస్‌ను గేటుకు రెండు వైపులా ముచ్చటపడి నాటుతున్నారు. దానిలో ప్రతి భాగమూ విషమే, గింజ మరీను. అది తిన్న కుక్కకు మొదట వాంతులవుతాయి; కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు గాని బయటపడకపోవచ్చు గనుక, వాంతులు తగ్గాయని ఊరుకోవడం చాలా ప్రమాదం. ఇక బొకేల్లో పెద్ద రేకులతో వచ్చే లిల్లీలు (పూలమార్కెట్లో లిల్లీ పేరుతో అమ్మే నేలసంపెంగ కాదు) పిల్లుల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఒంటికంటిన పుప్పొడిని నాకినా, ఆ పూలుంచిన నీళ్లు తాగినా ముప్పే. మనీప్లాంట్ నమిలితే నోరు మండి వాస్తుంది గాని ప్రాణం పోవడం అరుదు.

మొక్క కాకపోయినా కుండీలోనే ఉండే మరో ప్రమాదం ఆముదం పిండి. సేంద్రియ ఎరువని వేసే ఈ పిండిని కుక్కలు ఇష్టంగా తవ్వి తింటాయి. తయారీలో వేడి సరిగా తగలకపోతే ఆముదపు గింజలోని విషం అందులో మిగిలి, రక్తవిరేచనాలకూ మరణానికీ దారితీస్తుంది. కుక్క ఉన్న ఇంట్లో దానికి బదులు పశువుల ఎరువు వాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇటువంటి మొక్కల కుండీలకూ, ఆముదం పిండి సంచులకూ తెలుగులో హెచ్చరిక చీటీ కట్టేలా ఉద్యానశాఖ నర్సరీలను ఆదేశించాలి. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది. శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం బొమ్మలతో ఒక్క పేజీ కరపత్రం తయారుచేసి, నర్సరీలకూ పశువుల ఆసుపత్రులకూ పంపితే ఎంతో ఉపకారం.

అంతవరకు పెంపకందారులకు నా మనవి ఒకటే. కుక్కో పిల్లో విషపు మొక్క నమిలిందని అనుమానం వస్తే, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, దానివల్ల హాని పెరుగుతుంది. నమిలిన కొమ్మనో, దాని ఫొటోనో తీసుకుని వెంటనే పశువైద్యుని దగ్గరకు వెళ్లండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి.