గ్రాము రేటుతో పాటు తరుగూ అడగండి

సంపాదకులకు,

అయ్యా,

శ్రావణ మాసం వస్తోందంటే నగల షాపుల ప్రకటనలన్నీ ఒకే మాట మీద నడుస్తాయి: ‘గ్రాముపై రూ.50 తగ్గింపు’. జనం కూడా ఆ రేటు పట్టుకునే నాలుగు షాపులు తిరుగుతారు. అసలు డబ్బు పోయేది మాత్రం తరుగు (నగ చేయడంలో పోయే బంగారం పేరుతో శాతం లెక్కన వేసే సొమ్ము) దగ్గర, రాళ్ల బరువు దగ్గర.

లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము రూ.10,000 అనుకుందాం. ఒక రాళ్ల హారం మొత్తం బరువు 32 గ్రాములు, అందులో రాళ్లు, పూసలు కలిపి 4.5 గ్రాములు. బంగారం 27.5 గ్రాములే. గ్రాముకు రూ.50 తగ్గితే మిగిలేది రూ.1,375. అదే తరుగు 14 శాతం నుంచి 9 శాతానికి దిగితే రూ.13,750 మిగులుతుంది, సరిగ్గా పది రెట్లు. తరుగును కొన్ని షాపులు వేస్టేజీ అంటాయి, కొన్ని బిల్లులో ‘వీఏ’ (వాల్యూ యాడిషన్) అని రెండక్షరాలు వేసి ఊరుకుంటాయి. పైగా కొన్నిచోట్ల మజూరీ (తయారీ కూలి) విడిగా వేస్తారు. పేరు ఏదైనా అన్నీ కలిపి ఎంత శాతం పడుతోందో అడగాలి. సాదా గొలుసుకూ నకాషీ పని ఉన్న హారానికీ ఒకే తరుగు ఉండదు కాబట్టి, ఒకే రకం నగకు రెండు మూడు షాపుల్లో అడిగి పోల్చాలి. తరుగు బేరమాడదగినదే. మొహమాటం అక్కర్లేదు.

ఇక రాళ్లు. పై హారానికి 32 గ్రాములకూ బంగారం రేటు కట్టి, దాని మీదే 14 శాతం తరుగు వేస్తే, జీఎస్టీతో కలిపి అదనంగా పడేది రూ.52,839. రాళ్ల వెల విడిగా వేశారంటే ఆ రాళ్లకు రెండుసార్లు కట్టినట్టే. రేపు అదే హారం మార్చబోతే మామూలుగా రాళ్లు తీసేసి, బంగారానికే విలువ కడతారు. అందుకే గ్రాస్ వెయిట్ (మొత్తం బరువు), నెట్ వెయిట్ (బంగారం బరువు), రాళ్ల బరువు మూడూ బిల్లులో విడివిడిగా ఉండాలి. రాళ్ల బరువు క్యారెట్లలో రాస్తే (ఇవి బంగారం శుద్ధత చెప్పే క్యారెట్లు కావు, బరువు కొలత) అయిదు క్యారెట్లు ఒక గ్రాము అని గుర్తుంచుకోండి. తూకం వేసేముందు కాటా సున్నా చూపిస్తోందా చూసి, నగకు కట్టిన ట్యాగు, దారం తీయించండి. అవి కూడా బంగారంతో కలిసి తూగుతాయి.

హాల్‌మార్క్ విషయంలో ‘916 (అంటే 91.6 శాతం బంగారం) ఉంది’ అంటే సరిపోదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, శుద్ధత (22 క్యారెట్లకు 22కె916, 18 క్యారెట్లకు 18కె750), అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు). గాజుకైతే లోపలివైపు, లాకెట్‌కైతే వెనక సన్నగా చెక్కి ఉంటుంది, మామూలు కంటికి గీతలా కనిపిస్తుంది. షాపువాళ్ల భూతద్దం అడిగి తీసుకుని చదివి, ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టండి. నగ రకం, శుద్ధత, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. చేతిలో గాజు ఉంటే యాప్‌లో ఉంగరం అని వస్తే, ఆ నంబరు ఆ నగది కాదు. సెట్టు కొంటే హారానికీ కమ్మలకూ వేర్వేరు నంబర్లు ఉండాలి. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు అనే సంప్రదాయ పొదుగుడు పని నగలకు ఈ నిబంధన వర్తించదు, అక్కడ మరింత జాగ్రత్త అవసరం. హాల్‌మార్కింగ్ రుసుము నగకు రూ.45, జీఎస్టీ అదనం. వందల్లో వేస్తే ఎందుకని అడగండి.

శుద్ధత మీద అనుమానం వస్తే బీఐఎస్ గుర్తింపు పొందిన పరీక్ష కేంద్రంలో నాలుగు నగల వరకు రూ.200కే పరీక్షిస్తారు. షాపులో శుద్ధత చూపే మెషిన్ నగ పైపొరనే చదువుతుంది కాబట్టి పూత ఉన్న నగల్లో దాని లెక్క తప్పవచ్చు. ముద్ర కంటే శుద్ధత తక్కువని తేలితే, ఆ తేడాకు రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకు ఇవ్వాలని బీఐఎస్ నిబంధన.

దీనికంతటికీ ఆధారం బిల్లే. ‘జీఎస్టీ లేకుండా చీటీ మీద రాసిస్తాం’ అనే మాటకు లొంగి మూడు లక్షల నగ మీద రూ.9,000 మిగుల్చుకున్నవాళ్లకు, నగలో లోపం తేలిన రోజు చూపించడానికి ఏమీ ఉండదు. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము కూడా లేదు.

పత్రికకు ఒక విన్నపం. రోజూ వేసే బంగారం ధరల పట్టికలో 22, 24 క్యారెట్ల ధరల కింద ‘తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ అదనం. నెట్ వెయిట్‌కే ధర కట్టించుకోండి’ అని ఒక్క వరుస చేర్చండి. పెళ్లి నగలు కొనబోయే ఇళ్లలో ఉదయాన్నే మొదట చూసేది ఆ పట్టికనే.

– ఒక పాఠకురాలు, విజయవాడ