ఆ ఒక్క బిల్లు ఆగుతుంది, దుకాణం ఆగదు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న వ్యాపారులకు నమస్కారం. వచ్చే వెర్షన్‌లో ఒక మార్పు చేస్తున్నాము: ప్రోగ్రాము లోపం వల్ల లెక్క తప్పితే ఆ బిల్లును ప్రోగ్రామే ఆపేస్తుంది. కొందరికి అది చిరాకు కలిగించవచ్చు, అందుకే ముందుగా చెబుతున్నాను.

ప్రోగ్రాము రాసేటప్పుడు లోపల అక్కడక్కడా తనిఖీలు పెడతాము. వీటిని అసర్షన్లు అంటారు. ఇక్కడికి వచ్చేసరికి ఫలానా మాట నిజమై తీరాలి అన్నది ఒక్కో తనిఖీ సారాంశం. మన సరిహద్దు వ్యాపారమే చూడండి. బరంపురం నుంచి పర్లాకిమిడికి సరుకు పంపితే, రెండూ ఒడిశాలోనివే కాబట్టి, కేంద్రం పన్ను సీజీఎస్టీ, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ పడతాయి. అదే సరుకు ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం వెళితే, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ. జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్. ఒకే సరుకు మీద ఈ రెండు రకాల పన్నులూ పడిన బిల్లు పుట్టనే కూడదు. పుట్టిందంటే లోపం ప్రోగ్రాములోనే ఉంది. మీరు 10 బస్తాలకు బదులు 100 కొట్టడం వేరే సంగతి. దానికి మామూలు హెచ్చరిక చాలు.

తయారుచేసే చోట ఈ తనిఖీలు నడిపి, కొనేవారికి ఇచ్చే కాపీలో తీసేయడం మా రంగంలో ఆనవాయితీ. సి అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎన్‌డీబగ్ అనే ఒక్క పేరు నిర్వచిస్తే అన్నీ మాయమవుతాయి. ఇదంతా వేగం కోసం. సెకనుకు కోట్ల లెక్కలు చేసే చోట ఆ వాదన సరే కానీ, బిల్లింగుకు అది నాకు ఏనాడూ నచ్చలేదు. ప్రోగ్రాముకు అసలు పరీక్ష సాయంత్రం రద్దీలో మీ కౌంటరు దగ్గరే జరుగుతుంది. అక్కడ తనిఖీ లేకపోతే తప్పు బిల్లు చప్పుడు లేకుండా ఖాతాలో చేరి, రిటర్ను దాఖలు చేసే రోజున బయటపడుతుంది.

అలాగని తనిఖీ విఫలం కాగానే అంతా ఆపేయడమూ తగదు. సి భాషలో ఈ తనిఖీని రాసే అసర్ట్ చేసేది అదే. ఫైలు పేరు, ప్రోగ్రాములో ఆ వరుస సంఖ్య చూపి ప్రోగ్రామునే ముగించేస్తుంది. అలా ఆపేస్తే ఏమవుతుందో చూడండి. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్ 5 రాకెట్‌లో ఒక పెద్ద సంఖ్య, కంప్యూటరులో దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో ఇమడలేదు. దిశను లెక్కగట్టే కంప్యూటరు, దానికి తోడుగా పెట్టిన రెండోదీ పని మానేశాయి. బయలుదేరిన నిమిషంలోపే రాకెట్ పేలిపోయింది.

మా సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క బిల్లే రద్దవుతుంది. స్టాకు తగ్గదు, ఖాతాలో ఏమీ పడదు, పక్క కౌంటరు నడుస్తూనే ఉంటుంది. తెర మీద ఎర్ర పెట్టెలో ఒక సంఖ్య కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి మాకు పంపండి, ప్రోగ్రాములో ఏ వరుసలో లెక్క చెడిందో తెలిసిపోతుంది. అందులో మీ ఖాతాదారుల పేర్లు గానీ ధరలు గానీ ఉండవు. ఆ బిల్లును మాత్రం అప్పటికి చేత్తో రాసివ్వండి.

ఈ ఎర్ర పెట్టెను ఆపుకునే వీలు కల్పించమని కొందరు అడిగారు. కల్పించడం లేదు. తప్పు పన్నుతో వెళ్లే బిల్లు మీద ఉండేది మీ జీఎస్టీ నంబరు, నోటీసు వచ్చేదీ మీకే.