వక్తృత్వ పోటీలా, వల్లెవేత పోటీలా?

సంపాదకునికి నమస్కారం.

గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం పేరిట బడుల్లో పెట్టే వక్తృత్వ పోటీల తీరు గురించి నాలుగు మాటలు రాయదలిచాను. నేను ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పి విరమించినవాణ్ని. కిందటి ఏడాది ఒక పాఠశాలలో న్యాయనిర్ణేతగా కూర్చుంటే, ‘మాతృభాష గొప్పతనం’ మీద మాట్లాడిన పద్నాలుగు మందిలో ఐదుగురి ప్రసంగం పొల్లుపోకుండా ఒక్కటే. ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసాన్ని ఎవరింట్లో వాళ్లు బట్టీ పట్టించారు. ‘సుసంపన్న వాఙ్మయం’ అని గంభీరంగా పలికిన ఏడో తరగతి పాపను, వాఙ్మయమంటే ఏమిటమ్మా అని అడిగితే, వెనక వరుసలో ఉన్న తల్లి వైపు చూసింది.

ఇందులో పిల్లల తప్పు లేదు, తప్పంతా మార్కుల పట్టికది. నా చేతికిచ్చిన కాగితంలో ఉచ్చారణకు, హావభావాలకు, ధారాళతకు, సమయపాలనకు గళ్లున్నాయి గానీ సొంత ఆలోచనకు గడి లేదు. ఆ రోజు తన మాటలు తాను మాట్లాడినవాడు ఒక్కడే. శ్రీకాకుళం వైపు నుంచి పనులకు వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబంలోని పిల్లవాడు. ఉభాల్లో, అంటే మనం వరినాట్లనే పనిలో, తన మామ్మ పాడే పాటల గురించి చెప్పాడు. రెండుచోట్ల ఆగాడు గనుక ధారాళతలో మార్కులు పోయాయి. యాస ఉందని సాటి న్యాయనిర్ణేత మరికొన్ని కోశారు. గిడుగు పుట్టిన పర్వతాలపేట ఆ శ్రీకాకుళం ప్రాంతంలోనే ఉందని, సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని వాచకాలు రాశారని నేను వాదించాను గానీ, అప్పటికే ఫలితాలు ప్రకటించేశారు.

మాట్లాడటం నేర్పే మరో దారి నాటకం. ఎదుటి పాత్ర ఏమంటున్నదో వినకపోతే తన మాట పలకలేని స్థితి రంగస్థలం మీద తప్ప తరగతి గదిలో రాదు. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘అక్కయ్య’ కామేశ్వరి బాలానందం రేడియో కార్యక్రమంలో పిల్లల చేత నాటికలు వేయించిన రోజులను ఎరిగిన తరం ఇంకా ఉంది. మన బడుల్లో మాత్రం పాఠ్యపుస్తకంలో నాటిక వచ్చినా దాన్ని వ్యాసంలా చదివించి, ప్రశ్నలకు జవాబులు రాయించి ముగిస్తాం. నేనూ చాలా ఏళ్లు ఆ పనే చేశాను.

రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. పోటీ అంశాన్ని పావుగంట ముందు మాత్రమే ఇచ్చి, ప్రసంగం కాగానే న్యాయనిర్ణేతలు రెండు ప్రశ్నలు అడిగి, సగం మార్కులు ఆ జవాబులకే వేయాలి. యాసకు మార్కులు కోయరాదని నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. ఇక కొద్దిపాటి ఖర్చుతో అయ్యేది నాటకం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివి బయటికొచ్చే యువతకు మన బడుల్లో చోటు లేదు. తరతరాలుగా రంగస్థలాన్నే ఇల్లు చేసుకున్న సురభి కళాకారులున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తినిపుణుల, కళాకారుల వద్ద నేర్చుకొనే వీలు కల్పించాలని సూచించింది. ఆ పదింటిలో మూడు రోజులు వీరిని బడికి పిలిపించి, పిల్లలే రాసుకున్న చిన్న నాటిక ఒకటి వేయించవచ్చు. వచ్చే ఆగస్టుకు ముందే పాఠశాల విద్యాశాఖ ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి