ముద్ద దిగకపోతే గ్యాస్ అని సరిపెట్టుకోకు

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉండటంతో నేను చెప్పాల్సింది సగం నోట్లోనే ఉండిపోయింది, అందుకే కూర్చుని రాస్తున్నా. బాబాయికి ముద్ద దిగట్లేదనీ, ఛాతీ మధ్యలో ఆగిపోయినట్టు ఉంటోందనీ, మెడికల్ షాపువాడిచ్చిన గ్యాస్ బిళ్లలతోనే నెట్టుకొస్తున్నారనీ అన్నావు చూడు, ఆ బిళ్లల సంగతే నాకు మింగుడు పడలేదు.

మా అక్క కథ నీకు పైపైన తెలుసు. మొదట్లో ఊరికే పొలమారేది. వాళ్ల అత్తగారు నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారే" అనేవారు. ఆ లెక్కన అక్కని తలుచుకునేవాళ్లతో గుంటూరు సగం నిండిపోవాలి! తర్వాత చపాతీ ఆగడం మొదలైంది, ఆ తర్వాత అన్నం, చివరికి మంచినీళ్లు కూడా. తింటూ తింటూ లేచి వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, భుజాలు వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి, గోరువెచ్చని నీళ్లు గటగటా తాగేది. కాసేపటికి లోపల ఏదో జారినట్టయ్యేది, మళ్లీ వచ్చి కూర్చునేది. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చోవడమే మానేసింది. రాత్రి పడుకుంటే పెరుగన్నం మెతుకులు మెతుకులుగా దిండు మీదికి వచ్చేవి, కానీ పులుపు వాసన ఉండేది కాదు. అసలు కడుపులోకి చేరితే కదా పుల్లబడటానికి! అప్పుడు చూసిన డాక్టరేమో అసిడిటీ అన్నాడు, ఆసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ బిళ్లలు రాశాడు, తగ్గలేదంటే "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అన్నాడు. మనిషి చిక్కి సగమైతే చుట్టాలు డైటింగా అని అడిగేవాళ్లు.

దాని పేరు అకలేషియా. ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు కాబట్టి వెంటనే ఎవరికీ తట్టదు. గొంతు నుంచి కడుపు దాకా ఉండే అన్నవాహిక ఓ పాతిక సెంటీమీటర్ల గొట్టం అనుకో. ముద్ద మింగగానే ఆ గొట్టం అలలా కిందికి తోస్తుంది, కింద కడుపు దగ్గరుండే కండరం రైల్వే గేటులా తెరుచుకుని, ముద్ద పోగానే మూసుకుంటుంది. ఈ జబ్బులో ఆ గొట్టం గోడలోని నరాల కణాలు చచ్చిపోతాయి, ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. దాంతో తోపూ ఉండదు, గేటూ తెరుచుకోదు. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు డాక్టరు తిమింగలం ఎముక కొసకి స్పంజి కట్టి ఇలాంటి రోగికి అన్నం లోపలికి తోయించాడట, ఊహించుకో!

అక్క విషయం తేలింది రెండు పరీక్షల్లో. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తే పైన గొట్టం ఉబ్బి, కింద పక్షి ముక్కులా సన్నబడి కనిపించింది. తర్వాత మానోమెట్రీ. ముక్కులోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి, కొంచెం కొంచెం నీళ్లు మింగిస్తూ లోపల ఒత్తిడి కొలుస్తారు. మత్తు ఇవ్వరు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కానీ త్వరగానే అయిపోతుంది. జబ్బును గట్టిగా తేల్చేది అదే. ప్రతి ఊళ్లోనూ ఉండదు, ముందే కనుక్కుని వెళ్లాలి.

చచ్చిన నరాల్ని బతికించే మందు లేదు. ఉన్న వైద్యమంతా ఆ గేటును వదులు చేయడమే. బెలూన్ పెట్టి సాగదీస్తారు, కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది. బోటాక్స్ ఇంజెక్షన్ ఉంది గానీ దాని పని కొన్ని నెలలే, ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్లకి వాడతారు. 1913లో జర్మనీలో హెల్లర్ అనే సర్జన్ మొదలుపెట్టిన కండరం కోసే ఆపరేషన్ ఇప్పుడు లాప్రోస్కోపీలో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి చేస్తున్నారు. అక్కకి చేసింది పోయెమ్ (POEM), అంటే నోట్లోంచే వెళ్లి ఆ కండరాన్ని కోయడం. జపాన్‌లో హరుహిరో ఇనౌయె 2008లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, మన హైదరాబాద్‌లో నాగేశ్వర్‌రెడ్డి గారి ఏఐజీ ఆసుపత్రిలో చాలామందికి చేశారు. పూర్తి మత్తిచ్చి నోట్లోంచి ఎండోస్కోప్ అనే కెమెరా గొట్టం పంపి, అన్నవాహిక లోపలి పొరలో చిన్న గాటు పెట్టి, పొరకీ కండరానికీ మధ్య సొరంగంలా చేసుకుంటూ కిందిదాకా వెళ్లి, బిగుసుకున్న కండరాన్ని కోసి, వెనక్కి వస్తూ గాటును క్లిప్పులతో మూసేస్తారు. బయట ఒంటి మీద ఒక్క కుట్టు ఉండదు. తర్వాత డై తాగించి ఎక్కడైనా కారుతోందేమో చూసి, అప్పుడే ద్రవాలు మొదలుపెట్టారు.

అక్క ఇప్పుడు ఇడ్లీ తిని, చట్నీలో ఉప్పు తక్కువైందని బావని సాధిస్తోంది. అలాగని అంతా మాయమైపోయిందని కాదు. గేటు వదులయ్యాక ఆసిడ్ పైకి రావడం చాలామందికి ఉంటుంది, ఆ పాత పాంటాప్రజోల్ ఇప్పుడు నిజంగా పనికొస్తోంది! రాత్రి తిని వెంటనే పడుకోదు, మంచం తలవైపు ఎత్తుగా పెట్టుకుంది.

అయితే బాబాయిది కూడా ఇదే అని నేననడం లేదు. అసలు చెప్పాలనుకున్నది ఇదే. అక్కకి ఇదంతా ఏళ్ల తరబడి మెల్లగా జరిగింది. బాబాయికి అరవై దాటాయి, చుట్ట అలవాటుంది, ముందు గట్టి పదార్థం ఆగి ఇప్పుడు మెత్తనివీ ఆగుతున్నాయి, బరువు కూడా తగ్గారన్నావు. ఆ వయసులో అలాంటప్పుడు అన్నవాహికలో గడ్డ ఏమైనా ఉందా అన్నది ముందు చూడాలి. దానికి ఎండోస్కోపీ తప్పదు, ఈ వారంలోనే చేయించు, పండగ అయ్యాక అని వాయిదా వేయకు. అందులో ఏమీ లేదంటే సంతోషమే, కానీ అక్కడితో ఆగొద్దు. అకలేషియా మొదట్లో ఎండోస్కోపీ మామూలుగానే కనిపించొచ్చు, కాబట్టి బేరియం, మానోమెట్రీ గురించి నువ్వే నోరు తెరిచి అడుగు. ఈలోపు ఉమ్మి కూడా మింగలేకపోయినా, రక్తం కక్కుకున్నా, విరేచనం నల్లగా వచ్చినా అపాయింట్‌మెంట్ అనుకుంటూ కూర్చోకుండా తిన్నగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

బాబాయికి పిన్ని చపాతీలు పెట్టడం ఆపమను. జావ, మెత్తగా పిసికిన అన్నం, పల్చటి పప్పు చాలు. ఎండోస్కోపీకి ముందు ఎన్ని గంటలు ఏమీ తినకూడదో అడిగేటప్పుడు, తిన్నది లోపలే నిలిచిపోతోందని కూడా చెప్పు, ఇంకాస్త ముందు నుంచే ద్రవాల మీద ఉండమంటారేమో. రిపోర్టు రాగానే వాట్సాప్‌లో పెట్టు, అక్క కూడా చూస్తానంది. హైదరాబాద్ రావాల్సొస్తే హోటల్ వెతక్కు, మా ఇల్లుంది.

నీ
బావ