రస్కిన్‌ని నాలుగు లైన్లలో తేల్చేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో 19వ శతాబ్దపు చిత్రకారులకీ విమర్శకులకీ మధ్య నడిచిన గొడవల మీద వేసిన వ్యాసం ఆన్‌లైన్‌లో రెండుసార్లు చదివాను. 1874లో లూయీ లెరోయ్ అనే పాత్రికేయుడు ఎగతాళిగా అన్న 'ఇంప్రెషనిస్టులు' అనే మాటే చివరికి ఆ చిత్రకారుల పేరుగా ఎలా నిలిచిపోయిందో బాగా రాశారు. కానీ చిత్రకారుడు విస్లర్, విమర్శకుడు రస్కిన్‌ల కేసు దగ్గరికొచ్చేసరికి, బొమ్మ అర్థంకాని ఓ ముసలి విమర్శకుడు తిట్టాడు, చిత్రకారుడు కోర్టుకెళ్ళి గెలిచాడు అని నాలుగు లైన్లలో ముగించేశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. ఆ గొడవకి కారణమైన బొమ్మ నేనుండే ఊరికి దగ్గర్లోనే, డెట్రాయిట్ మ్యూజియంలో ఉంది. మా కౌంటీ వాళ్ళకి అక్కడ టికెట్ కూడా లేదు కాబట్టి వీలున్నప్పుడల్లా వెళుతుంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా డియెగో రివేరా వేసిన ఫ్యాక్టరీ కుడ్యచిత్రాలు చూపించి, ఆ తర్వాత ఈ బొమ్మ దగ్గరికి తీసుకెళతాను.

బొమ్మ చాలా చిన్నది. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అంతే. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున క్రెమోర్న్ అనే ఉద్యానంలో రాత్రిపూట బాణసంచా కాల్చేవారు, అదీ విషయం. దూరం నుంచి చూస్తే నల్లటి పలక మీద ఎవరో పసుపు చల్లినట్టుంటుంది. ఓ రెండు నిమిషాలు ఓపిక పట్టి అక్కడే నిలబడితే ఆ నలుపులోంచి ముందు ఆకుపచ్చా నీలం బయటికొస్తాయి, తర్వాత పొగ, ఆ తర్వాత కింద ఒడ్డున నిలబడి చూస్తున్న మనుషులు, అదీ లోపల్నుంచి నేల కనబడేంత పల్చగా. దీపావళి రాత్రి ఆఖరి తారాజువ్వ పేలిపోయాక రవ్వలు మెల్లగా రాలుతుంటే అందరం ఒక్క క్షణం మాట్లాడకుండా పైకి చూస్తామే, ఆ క్షణం అది. నేను మొదటిసారి చూసినప్పుడు నాకూ ఏమీ కనబడలేదు, ఆ సంగతి దాచుకోను.

ఇక రస్కిన్. 1877లో లండన్‌లో కొత్తగా తెరిచిన గ్రోవ్నర్ గ్యాలరీలో ఈ బొమ్మని 200 గినీల (గినీ అంటే పౌండు మీద ఓ షిల్లింగు) ధరకి పెట్టారు. బ్రిటన్ కార్మికుల కోసమని నెలనెలా అచ్చేసే తన లేఖల్లో రస్కిన్, జనం మొహాన రంగు డబ్బా విసిరి అందుకు 200 గినీలు అడిగే డాబుసరి మనిషిని చూస్తానని ఎన్నడూ అనుకోలేదు అన్న అర్థంలో రాశాడు. విస్లర్ పరువు నష్టం దావా వేసి 1,000 పౌండ్లు అడిగాడు.

కానీ ఈ రస్కిన్ ఎవరు? టర్నర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి మంచు తుఫాను బొమ్మని సబ్బు నురగ, సున్నం అని లోకం వెక్కిరిస్తున్న రోజుల్లో, 24 ఏళ్ళ వయసులో, టర్నర్ కోసం ఏకంగా పుస్తకం రాసిన మనిషి. ప్రీ-రాఫెలైట్లనే కొత్త చిత్రకారుల బృందంలోని కుర్రాళ్ళని పత్రికలన్నీ ఉతికి ఆరేస్తుంటే 1851లో, నేను మీకు రాస్తున్నట్టే, టైమ్స్ పత్రికకి ఉత్తరాలు రాసి వాళ్ళ పక్షాన నిలబడ్డాడు. కొత్త బొమ్మంటే భయపడే రకం అయితే కాదు. పైగా మన గాంధీగారు 1904లో జోహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్ళే రైల్లో రాత్రంతా నిద్రపోకుండా చదివి, జీవితం మార్చుకుని, తర్వాత 'సర్వోదయ' పేరుతో గుజరాతీలో రాసుకున్నది ఈయన పుస్తకాన్నే. కూలికి న్యాయమైన విలువ కట్టాలి, ఒళ్ళు వంచి చేసే పనికి గౌరవం ఉండాలి అన్నది ఆయన ప్రాణం లాంటి నమ్మకం. అలాంటి మనిషికి తేలిగ్గా గీసినట్టు కనబడే బొమ్మ మీద 200 గినీల ధర చూస్తే ఒళ్ళు మండటంలో ఆశ్చర్యం ఏముంది? గాంధీగారిని కదిలించిన ఆ నమ్మకమే ఇక్కడ తప్పుదారి పట్టిందని నేననుకుంటాను. మీ వ్యాసం వదిలేసింది దీన్నే.

ఎందుకు తప్పుదారి అంటున్నానో మా నాన్న గురించి చెబితే తెలుస్తుంది. రాజమండ్రిలో ఆయన షాపులకి బోర్డులు రాసేవాడు, ఫ్లెక్సీలు రాకముందు సంగతి. గీత కొట్టకుండా నేరుగా బ్రష్‌తో అక్షరం దింపేవాడు. ఒక షాపు యజమాని, పేరు అనవసరం, పొద్దున్నుంచీ కుర్చీ వేసుకుని కూర్చుని చూసి, డబ్బులిచ్చే టైముకి "రెండు గంటల పనికి ఇంతా?" అని సగం చేతిలో పెట్టాడు. నాన్న ఏమీ అనలేదు, కిరసనాయిల్లో బ్రష్‌లు కడుక్కుని నన్ను సైకిలెక్కించుకుని ఇంటికొచ్చేశాడు. నాకప్పుడు పదేళ్ళు. 1878 నవంబరులో కోర్టులో రస్కిన్ తరఫున వాదించిన అటార్నీ జనరల్ సర్ జాన్ హోల్కర్ విస్లర్‌ని సరిగ్గా ఇదే అడిగాడు, రెండు రోజుల శ్రమకా 200 గినీలు అని. కాదు, జీవితమంతా పనిచేసి సంపాదించుకున్న జ్ఞానానికి అన్నాడు విస్లర్. ఆ జవాబు మొదటిసారి చదివినప్పుడు నాకు నాన్నే గుర్తొచ్చాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విస్లర్ గెలిచాడని రాశారు, దాన్ని మాత్రం దయచేసి సవరించండి. జ్యూరీ తీర్పు ఆయనవైపే వచ్చింది, నిజమే, కానీ ఇచ్చిన పరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు, మన దమ్మిడీ లాంటిది. కోర్టు ఖర్చులు కూడా ఎవరివి వాళ్ళే భరించుకోమన్నారు. రస్కిన్ ఖర్చులకి మిత్రులు చందాలు వేసుకున్నారు. విస్లర్‌కి ఆ అదృష్టం లేదు. అంతకుముందే మెడదాకా ఉన్న అప్పులకి ఇది తోడై 1879 మే నెలలో దివాలా తీశాడు, లండన్ చెల్సీలో ఇష్టపడి కట్టించుకున్న కొత్త ఇల్లు పోయింది, ఎచింగులు (రాగిరేకు మీద గీసి అచ్చుతీసే బొమ్మలు) వేసే పని దొరికి వెనిస్ వెళ్ళిపోయాడు. సాక్ష్యం చెప్పడానికి రావలసిన తోటి చిత్రకారుల్లో చాలామంది ముఖం చాటేశారు. బర్న్-జోన్స్ అయితే రస్కిన్ తరఫున బోనెక్కి, రంగు బాగుంది కానీ పూర్తికాని బొమ్మ, 200 గినీలు చేయదు అని చెప్పాడు. మీ వ్యాసం చిత్రకారులంతా ఒకవైపు, విమర్శకులంతా ఇంకోవైపు అన్నట్టు నడిచింది. ఈ కేసులో విస్లర్ పక్షాన సాక్ష్యం చెప్పిన విలియం మైకేల్ రోసెట్టి స్వయంగా విమర్శకుడు!

విచారణ జరిగిన రెండు రోజులూ రస్కిన్ కోర్టుకి రాలేదు. 1878 మొదట్లోనే ఆయనకి మతిస్థిమితం తప్పేంత జబ్బు చేసింది. తీర్పు తర్వాత, చట్టం జరిమానా వేయకుండా అభిప్రాయం చెప్పే వీల్లేనప్పుడు ఈ పదవి నాకెందుకని ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి వదులుకున్నాడు. ఇద్దరూ నష్టపోయారు.

రస్కిన్ మీద నాకున్న కోపం వేరు. ఆయనకి బొమ్మ నచ్చకపోతే నచ్చకపోవచ్చు, గట్టిగా తిట్టినా తిట్టనీ. కానీ ఆ పేరా తీసి చదవండి, అందులో చిత్రకారుడి పొగరు ఉంది, ధర ఉంది, కొనేవాడు మోసపోతాడన్న బెంగ ఉంది, బొమ్మలో ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు. టర్నర్ సముద్రంలో ఒక్కో అల దగ్గరా ఆగి, నీటి మీద వెలుగు ఎలా విరుగుతుందో పేజీలకి పేజీలు రాసిన కన్ను అది! ఆ కన్నుతో ఈ చీకటిని ఓ పది నిమిషాలు చూసి, అప్పుడు బాగాలేదని రాసి ఉంటే ఆ రాత ఇవాళ మనకి ఎంతో పనికొచ్చేది.

మీ వ్యాసం మీద కోపంతో ఇదంతా రాయలేదు. తెలుగులో చిత్రకళ గురించి అసలు వేసేవాళ్ళే తక్కువ, మీరు వేస్తున్నారు, అందుకు కృతజ్ఞతలు. ఒక్క కోరిక ఉంది. వ్యాసం పక్కన ఈ బొమ్మని తపాలా బిళ్ళంత సైజులో, అదీ నలుపు తెలుపుల్లో వేశారు, అలా వేస్తే రస్కిన్‌దే కరెక్టనిపిస్తుంది. సవరణ వేసే రోజున రంగుల్లో, అరపేజీ అయినా ఇచ్చి వేయండి.

ఇట్లు,
డెట్రాయిట్ దగ్గర్లో ఉండే మీ పాఠకుడు