మీ బాస్ గిటార్ డీఐ బాక్స్‌లో హమ్ పోవడం లేదు, కింది స్వరాలు రావడం లేదు: నల్గొండ నుంచి ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి నమస్కారం.

నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో నాకో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ఆగస్టులో మీ బాస్ గిటార్ డీఐ ప్రీఆంప్ (ఆంప్, మైక్ లేకుండా గిటార్‌ను నేరుగా రికార్డింగ్‌లోకి కలిపే బాక్స్) 18,500 రూపాయలు పెట్టి కొన్నాను. రెండేళ్ల వారంటీ ఉంది, బిల్లు ఉంది. ఇప్పటికి రెండుసార్లు హైదరాబాద్‌లోని మీ సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాను, రెండుసార్లూ "లోపం ఏమీ లేదు" అని చీటీ అంటించి ఇచ్చారు. లోపం ఉంది, హమ్ (కరెంటు నుంచి వచ్చే గుయ్‌మనే మోత) పోవడం లేదు, కింది స్వరాలు సరిగా రావడం లేదు. అది ఎక్కడుందో, నేనెలా పట్టుకున్నానో వివరంగా రాస్తున్నాను, ఈసారైనా బాస్ గిటార్ గురించి తెలిసిన మనిషికి ఈ లేఖ చూపించండి.

మా దగ్గర ఎక్కువగా జానపద పాటలే రికార్డ్ అవుతాయి. బతుకమ్మకు ముందు నెలన్నర మాకు అసలు సీజన్, దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, అటు పాలమూరు నుంచి కూడా పాడేవాళ్లు వస్తారు. ఈ పాటల్లో డప్పు ముందుంటుంది, దాని కింద బాస్ నిండుగా, వెచ్చగా పరుచుకుంటేనే పాటకు నేల ఉన్నట్టు ఉంటుంది. మా గది పొడవు 12 అడుగులు. అంత చిన్న గదిలో ఆంప్ పెట్టి మైక్‌తో తీసుకుంటే గది తానే 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర ఊగుతుంది, ఒక స్వరం బుంగలా ఉబ్బుతుంది, పక్క స్వరం వినపడదు. అందుకే మాలాంటి వాళ్లం డీఐ మీదే ఆధారపడతాం. నేరుగా తీసుకున్న బాస్ పల్చగా ఉంటుందని కొందరంటారు కానీ అది నిజం కాదు. 1960లలో అమెరికాలోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ అనే బాసిస్ట్ తన ప్రెసిషన్ బాస్ గిటార్‌కు ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు వేసి, పాతబడినా మార్చకుండా, నేరుగా మిక్సింగ్ బోర్డులోకి వాయించాడు. ఆ బాస్ ఎంత వెచ్చగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా దగ్గర వాయించే తమ్ముడిదీ మిర్యాలగూడే. పాసివ్ బాస్ (లోపల బ్యాటరీ లేనిది), ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జ్ దగ్గర తీగల కింద ఒక స్పాంజి ముక్క. చేతిలోనే సగం టోన్ ఉంటుంది వాడికి. మీ బాక్స్ పెట్టిన రోజు రెండు నిమిషాలు వాయించి, హెడ్‌ఫోన్స్ తీసి, "అన్నా, నా బాస్ గిట్ల మోగదే" అన్నాడు. పాడడానికి వచ్చిన అక్క అయితే ట్రాక్ విని, "లోపట తుమ్మెద తిరిగినట్టుంది తమ్మీ" అంది. ఆమెకు హమ్ అనే మాట తెలియదు, కానీ మీ ఇంజనీరు వినలేనిది ఆమె విన్నది.

ఆ పాట జీ శ్రుతిలో ఉంది. లావు తీగ మీద మూడో ఫ్రెట్ జీ అంటే 49 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని హమ్ కూడా అక్కడే మోగుతుంది. ఈ రెండూ పక్కపక్కన మోగితే సెకనుకు దాదాపు ఒకసారి ఒకదాన్నొకటి పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతాయి. తమ్ముడు జీ కొట్టి అలాగే పట్టుకుంటే, స్వరం సాగిపోకుండా ఊం... ఊం... అని ఊపిరి తీసినట్టు లేచి పడుతుంది. స్క్రీన్ మీద వేవ్ కూడా బొద్దుగా ఒకసారి, సన్నగా ఒకసారి, జడ అల్లినట్టు కనిపిస్తుంది. ఫిల్టర్ పెట్టి 50 దగ్గర కోద్దామంటే దాంతోపాటు జీ కూడా పోతుంది. గేట్ (శబ్దం తగ్గగానే ట్రాక్‌ను మూసేసేది) పెడదామంటే స్వరం లేనప్పుడు మూసుకుంటుంది గానీ, స్వరం ఉన్నప్పుడు హమ్ దాని వెనకాలే నిలబడి ఉంటుంది. వేరే వాయిద్యమైతే కింద కోసేసి బతికేవాళ్లం, బాస్‌కు ఆ దారి లేదు.

మీ సర్వీస్ సెంటర్‌లో అతను మొదటిసారి అన్న మాట, "చిన్న ఊళ్లలో కరెంటు అట్లనే ఉంటది సార్, ఎర్తింగ్ చూపించుకోండి." ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. అయినా వచ్చి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఎర్త్ గుంత మళ్లీ తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి, నీళ్లు పోసి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 1.2 వోల్టులు. బాగానే ఉంది. మహబూబ్‌నగర్‌లో ఒక మిత్రుడి దగ్గర పాత డీఐ బాక్స్ అడిగి తెచ్చుకున్నాను. అదే సాకెట్, అదే గిటార్, అదే కేబుల్. దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (గ్రౌండ్ దారిని తెంచేది) నొక్కగానే హమ్ పోయింది. మీ దాంట్లో నొక్కినా, నొక్కకపోయినా ఒకటే.

అప్పుడు మల్టీమీటర్ తీశాను. బాక్స్ విప్పలేదు, వారంటీ సీల్ అలాగే ఉంది, వచ్చి చూసుకోవచ్చు. అన్ని కేబుళ్లూ పీకేసి, బాక్స్‌లో గిటార్ పెట్టే జాక్ అంచు మీద ఒక ప్రోబ్, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లో (రికార్డింగ్ వైపు వెళ్లే మూడు పిన్నుల సాకెట్) ఒకటో పిన్ మీద ఇంకో ప్రోబ్ పెట్టాను. గ్రౌండ్ లిఫ్ట్ ఆఫ్‌లో ఉంటే మీటర్ బీప్ అనాలి, ఆన్ చేస్తే ఆగిపోవాలి, ఆ స్విచ్ పనే ఆ దారిని తెంచడం. మిత్రుడి బాక్స్‌లో అలాగే ఆగింది. మీ దాంట్లో స్విచ్ అటు పెట్టినా ఇటు పెట్టినా బీప్ మోగుతూనే ఉంది. అంటే స్విచ్ ఉంది, పైన అక్షరాలు ఉన్నాయి, లోపల పని జరగడం లేదు. దీన్ని చూడటానికి ఒక్క నిమిషం పడుతుంది. రెండుసార్లు కలిపి మీ దగ్గర 19 రోజులున్న బాక్స్‌కు ఆ ఒక్క నిమిషం దొరకలేదు.

ఇక రెండోది, కింది స్వరాలు. బాక్స్ మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ముద్రించారు. ఆ మధ్యలో శబ్దం ఎన్ని డెసిబెల్స్ అటూఇటూ అవుతుందో ఎక్కడా రాయలేదు, అది రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. బాస్‌లో లావు తీగ వదిలి వాయిస్తే 41 హెర్ట్జ్. ల్యాప్‌టాప్ నుంచి ఒకే లెవల్‌లో టోన్ పంపి రెండు బాక్సులూ పోల్చాను. 110 దగ్గర, 82 దగ్గర రెండూ సమానం. 49 దగ్గరకు వచ్చేసరికి మీది 5 డెసిబెల్స్ తక్కువ, 41 దగ్గర 8 తక్కువ. లెవల్ పెంచితే 41 దగ్గర గరగర కూడా మొదలవుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ చిన్నదైతే కింది ఫ్రీక్వెన్సీ గట్టిగా వచ్చినప్పుడు తట్టుకోలేదని నాకు తెలుసు, మీ దాంట్లో కారణం అదేనో కాదో మీరే విప్పి చెప్పాలి. ఈక్వలైజర్‌తో కింద లేపితే ఏమవుతుందో ఊహించుకోండి, స్వరంతో పాటు ఆ హమ్ కూడా లేస్తుంది.

మంచిని మంచే అనాలి. ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్ ఇచ్చారు, పాసివ్ పికప్ మీద భారం పడటం లేదు, పై స్వరాలు, వేలి చప్పుడు శుభ్రంగా వస్తున్నాయి. అందుకే డిజైన్ మొత్తం చెడ్డదని నేను అనడం లేదు. కానీ మీ సర్వీస్‌లో దీన్ని పరీక్షించింది ఎలా అంటే, నా కళ్లముందే ఒక అబ్బాయి ఫోన్‌లో పాట పెట్టి, చిన్న డెస్క్‌టాప్ స్పీకర్లలో విని, "వస్తుంది కదా సార్" అన్నాడు. అరచేతంత స్పీకర్‌లో 41 హెర్ట్జ్ ఎలా వినపడుతుంది? గిటార్ కూడా పెట్టలేదు.

ఈ గొడవలో బతుకమ్మ సీజన్‌లో నాలుగు పాటల బాస్ మళ్లీ తీయాల్సి వచ్చింది. తమ్ముడు ఒక్క రూపాయి అదనంగా అడగకుండా నాలుగు రాత్రులు వచ్చి వాయించాడు. ఎంగిలిపూల నాటికి రావాల్సిన ఒక పాట సద్దుల బతుకమ్మ ముందు రోజుకు గానీ బయటికి రాలేదు. పాడిన అక్క నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

నాకు కావాల్సింది ఇది. ఈ బాక్స్ వెనక్కి తీసుకుని, గ్రౌండ్ లిఫ్ట్ మీటర్‌తో చూసి, 41 హెర్ట్జ్ దగ్గర కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి కొత్త పీస్ పంపండి. అన్ని పీసులూ ఇలాగే ఉంటే నా డబ్బు తిరిగి ఇవ్వండి, బాక్స్ మీద ఉన్న ఆ ముద్ర కూడా మార్చండి. మళ్లీ రిపేర్ చీటీ మాత్రం వద్దు. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను, కొలతల వీడియోలు, రెండు సర్వీస్ చీటీలు, ఎలక్ట్రీషియన్ బిల్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి.

బాక్స్ దాని పెట్టెలోనే, అడాప్టర్‌తో సహా సిద్ధంగా ఉంచాను. కొరియర్ మనిషిని సాయంత్రం ఆరు తర్వాత పంపండి, పగలు రికార్డింగ్ నడుస్తుంటే తలుపు కొట్టినా లోపలికి వినపడదు.